వెళ్ళాలనే దేశాలు, వద్దనే దేశాలు

ఏప్రిల్ వచ్చిందంటే మనవాళ్ళ ఇళ్ళల్లో ఒకటే చర్చ. ఈ వేసవికి ఎక్కడికి వెళ్దాం? పిల్లలు ఒకటంటారు, పెద్దలు ఒకటంటారు. కంప్యూటరు తెరమీదికి ప్రపంచపటం వస్తుంది. రెండు మూడు ఆదివారాలు ఆ పటం ముందు గడుస్తాయి. చివరికి చాలా ఇళ్ళల్లో తేలేది ఒక్కటే, ఇండియాకి అని. ఎవరిదో పెళ్ళి ఉంటుంది, ఎవరికో ఆపరేషను ఉంటుంది, పొలం కాగితాల మీద సంతకాలు పెట్టాల్సి ఉంటుంది, తిరుపతి మొక్కు బాకీ ఉంటుంది. ఉన్న సెలవు పదిహేను పనిరోజులు. అందులో రాకపోకలకి నాలుగు, నిద్ర కుదుటపడడానికి రెండు పోగా మిగిలినవి చుట్టాలకే చాలవు. ఇక దేశాలు చూసేదెప్పుడు?

అందుకనే మనలో చాలామంది ప్రపంచం చూసింది విమానాశ్రయాల్లోనే. మా పెద్దమ్మాయి తొమ్మిది దేశాలు చూశానని ఆమధ్య స్కూల్లో చెప్పిందట. కూర్చుని లెక్క వేశాం. ఫ్రాంక్‌ఫర్ట్, దోహా, అబూదాబీ, లండన్, ఇస్తాంబుల్, ఆమ్‌స్టర్‌డామ్. ఈ ఆరు చోట్లా అది తొక్కింది ఆ దేశపు నేల కాదు, విమానాశ్రయం తివాచీ. మిగిలిన మూడూ ఇండియా, అమెరికా, నయాగరా అవతలి గట్టున రెండు గంటలసేపు కెనడా. దోహాలో మాకు మూడుసార్లు తెల్లవారింది. అక్కడ విమానాశ్రయం నడిమధ్య కూర్చోబెట్టిన పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ మాకు బాగా తెలుసు. ఖతార్ ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

మొన్న ఉగాది భోజనాలయ్యాక, పిల్లలు కింద ఆడుకుంటూ ఉండగా, నాలుగైదు కుటుంబాల పెద్దవాళ్ళం కూర్చుని ఒక ప్రశ్న వేసుకున్నాం. డబ్బూ సెలవూ అడ్డం రాకపోతే మీరు వెళ్ళాలనుకునే దేశం ఏది? ఎంత డబ్బిచ్చినా వెళ్ళనని అనే దేశం ఏది? ఎందుచేత? కాలక్షేపానికి మొదలుపెట్టిన మాట రాత్రి పదకొండు దాకా సాగింది. అక్కడ విన్నవీ, తరవాత ఇంటికొచ్చి పుస్తకాలూ ప్రభుత్వ ప్రకటనలూ తిరగేసి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. పేర్లు రాయడం లేదు. ఎవరి మాట వాళ్ళు పోల్చుకోగలరు.

వెళ్ళాలనే దేశాల్లో ఎక్కువ ఓట్లు స్విట్జర్లాండుకి పడ్డాయి. ఇందులో మన సినిమా పాటల పుణ్యం ఎంతో చెప్పనక్కర లేదు. ఆ తరవాత ఈజిప్టు, జపాను, గ్రీసు. కారణాలు అడిగితే మంచు, పిరమిడ్లు, బుల్లెట్ రైలు, పాత గుళ్ళు. వెళ్ళాలనడానికి కారణాలు అందరివీ ఇంచుమించు ఒకటే. వద్దనడానికి కారణాలు మాత్రం ఎవరివి వారివే, అందుకని మాకు వాటిమీదే ఆసక్తి కలిగింది.

మొదటి కారణం ఏ దేశం తప్పూ కాదు, మన చేతిలో ఉన్న పుస్తకం. మా ఇంట్లో అయిదుగురం. ముగ్గురివి అమెరికా పాస్‌పోర్టులు, ఇద్దరివి ఇండియావి. అట్టలు రెండూ ముదురు నీలమే. ఒకదాని మీద గద్ద, ఇంకోదాని మీద సింహాలు. గద్ద బొమ్మవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని పారిస్ వెళ్ళిపోవచ్చు. సింహాల బొమ్మవాళ్ళు ముందు షెంగెన్ వీసా సంపాదించుకోవాలి. బ్యాంకు లెక్కలు, జీతం చీటీలు, యజమాని ఉత్తరం, హోటలు రసీదులు, ముప్ఫైవేల యూరోలకి తక్కువ కాని వైద్యబీమా, వేలిముద్రలు, పెద్దవాళ్ళయితే 2024 జూన్ నుంచి తొంభై యూరోల రుసుము. 1985 జూన్ 14న లక్సెంబర్గులో షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర, మొసెల్ నదిలో ఒక పడవమీద, అయిదు దేశాలవాళ్ళు సంతకాలు చేసిన ఒప్పందం అది. ఇప్పుడు ఆ కట్టులో 29 దేశాలున్నాయి. లోపలి గోడలన్నీ తీసేసి, ఆ ఇటుకలతో బయటి ప్రహరీ ఎత్తు చేసినట్టుంది. మనలో ఒక డాక్టరుగారు వారానికి నలుగురి గుండెలు కోసి కుడతారు. ఆయన గడువు లోపల తిరిగి వెళ్తారని నమ్మకం కలగలేదని ఒక దేశంవారు ఉత్తరం రాసి వీసా నిరాకరించారట. "ఆ దేశం పేరు చెప్పను, ఆ దేశానికి వెళ్ళను" అన్నారాయన. ఆ తరవాత అమెరికా పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు వీసా అక్కర లేదు. అయినా వెళ్ళలేదు.

సింహాల పుస్తకానికి మర్యాద జరిగే చోట్లూ కొన్ని ఉన్నాయి. భూటాన్‌లో రోజు ఒక్కింటికి అమెరికావాళ్ళ దగ్గర వంద డాలర్లు వసూలు చేస్తారు. ఇండియావాళ్ళ దగ్గర పన్నెండు వందల రూపాయలు, వీసా లేనేలేదు. అక్కడికి వెళ్తే మా ఇంట్లో పిల్లలే ఖర్చుమనుషులు.

కొందరికి భయం వెళ్ళే దేశం గురించి కాదు, తిరిగి వచ్చే ఈ దేశం గురించే. హెచ్-1 మీద ఉన్నవారికి ఈ సంగతి వివరించనక్కర లేదు. 2004 జూలై దాకా వీసా ముద్ర గడువు తీరితే పాస్‌పోర్టు ఇక్కడి విదేశాంగ శాఖకి పోస్టులో పంపి కొత్త ముద్ర వేయించుకునేవారు. అది ఎత్తేశారు. తరవాత కెనడాకో మెక్సికోకో పోయి వేయించుకు వచ్చేవారు. 2025 సెప్టెంబరులో, స్వదేశంలోనో నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. నివాసం ఉంటున్న దేశం ఇదే, ఇక్కడ ముద్ర వేయరు. అంటే మళ్ళీ ఇండియాకే. ఉగాదికి వచ్చినవాళ్ళలో ఒక కుర్రజంట ఉన్నారు. పెళ్ళయి నాలుగేళ్ళు. పెళ్ళైన కొత్తలో అనుకున్న ఇటలీ ప్రయాణం ఇంకా అనుకుంటూనే ఉన్నారు. కెనడా, మెక్సికోలకి ముప్ఫై రోజుల్లోపు వెళ్ళొస్తే గడువు తీరిన ముద్రతోనే రానిచ్చే నియమం ఒకటి ఉంది. ఇక్కడ ఉండే అనుమతి మాత్రం చెల్లుతూ ఉండాలి, అక్కడ కొత్త వీసాకి దరఖాస్తు పెట్టకూడదు. ఆ కుర్రవాడికి ఆ నియమం సంఖ్యతో సహా కంఠతా వచ్చు. "మీకు ఏ దేశం వెళ్ళాలనుందమ్మా?" అని అమ్మాయిని అడిగితే, "ఏదైనా సరే ఆంటీ, తిరిగి రానిస్తే చాలు" అంది. అందరూ నవ్వారు గాని ఆ పిల్ల నవ్వలేదు.

ఇక ప్రమాదాల సంగతి. ఇక్కడి విదేశాంగ శాఖ 2018 జనవరి నుంచి ఒక్కొక్క దేశానికీ ఒకటి మొదలు నాలుగు దాకా అంకె వేస్తోంది. ఒకటైతే మామూలు జాగ్రత్త చాలు. నాలుగైతే వెళ్ళనే వద్దు. మేము ముందు ఇండియా ఎక్కడుందో వెతికాం. 2025 జూన్‌లో తిరగరాసినప్పుడు దానికి వేసింది రెండు. ఫ్రాన్సుకీ జర్మనీకీ కూడా ఆ ఏడాది రెండే, కాబట్టి పెద్దగా చిన్నబుచ్చుకోవలసింది లేదు. అయితే లోపల చదువుతూ పోతే, తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణల మొదలు పశ్చిమ బెంగాలు పడమటి దాకా నక్సలైట్ల భయం ఉందనీ, అమెరికా ప్రభుత్వోద్యోగులు ఆ ప్రాంతాలకి వెళ్ళాలంటే అనుమతి తీసుకోవాలనీ ఉంది. మన సభ్యుల్లో ఒకాయనది ఆదిలాబాదు వైపు పల్లె. ఆయన ఇక్కడ కౌంటీలో రోడ్ల ఇంజనీరు. ఆ కాగితం మేము చదివి వినిపిస్తే, "నేనూ ప్రభుత్వోద్యోగినేగా, మా అమ్మని చూడడానికి ఎవర్ని అనుమతి అడగాలి?" అన్నారు. వాళ్ళమ్మగారికి ఎనభై దాటాయి. రోజూ తెల్లవారకముందే ఒక్కరే చేనుగట్టు మీద నడిచి వస్తారట.

ఇక్కడివాళ్ళు అక్కడికి అంకెలు వేస్తుంటే, అక్కడివాళ్ళకీ ఒక జాబితా ఉంది. దానికి అంకెలు లేవంతే. తెనాలిలో ఉండే మా దగ్గరి బంధువొకాయన అమెరికా ఒకసారి వచ్చి, నవంబరు నుంచి మార్చి దాకా అయిదు నెలలు ఉండి వెళ్ళారు. మళ్ళీ రమ్మంటే రానంటున్నారు. అక్కడి టీవీలో ఇక్కడి స్కూళ్ళల్లో తుపాకులు పేలిన వార్త వచ్చిన ప్రతిసారీ ఫోన్ చేసి పిల్లలు ఇంటికొచ్చారా అని అడుగుతారు. అయితే రాననడానికి కారణం తుపాకులు కావు. "కాళ్ళుండీ కదల్లేని దేశం అది. వక్కపొడి కావాలంటే నీ కారుకోసం సాయంత్రం దాకా కూర్చోవాలి" అంటారు. దీనికి మా దగ్గర జవాబు లేదు.

కొన్ని దేశాలకి మనం వద్దనుకోవడం కాదు, పాస్‌పోర్టే వద్దంటుంది. పెద్దవాళ్ళలో ఒకాయన తమ పాత ఇండియా పాస్‌పోర్టు ఇప్పటికీ దాచుకున్నారు. అది దక్షిణాఫ్రికాకి చెల్లదని అందులో ఉంది. అక్కడ వర్ణవివక్ష సాగినన్నాళ్ళూ మన పాస్‌పోర్టులు అలాగే ఉండేవి. దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం ఇండియాయే, 1946లో, ఇంకా స్వతంత్రం కూడా రాకముందు. వర్తకం పోయిన నష్టం ఒకెత్తు, మనుషులు విడిపోవడం ఒకెత్తు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను డర్బన్ రేవులో దింపింది. 1911 దాకా అలా వెళ్ళినవారు ఇంచుమించు లక్షా యాభైరెండు వేలు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కిన తమిళులూ తెలుగువాళ్ళే. చెరుకుతోటల్లో పనిచేసి అక్కడే నిలిచిపోయినవాళ్ళ పిల్లలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇటు విజయనగరంలోనో విశాఖపట్నంలోనో అన్నదమ్ముల పిల్లలు ఉన్నా, ఈ పాస్‌పోర్టుతో వెళ్ళి చూసే వీలు లేకపోయింది. 1993లో రెండు దేశాల మధ్యా రాయబార సంబంధాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ పెద్దాయన ఇప్పటికీ దక్షిణాఫ్రికా వెళ్ళలేదు గాని, ఆ పుస్తకం చూపించేటప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. "మనం వెళ్ళకపోవడంలో ఒక అర్థం ఉండేది" అన్నారు. అమెరికా పాస్‌పోర్టునూ 2017 సెప్టెంబరు 1 నుంచి ఉత్తర కొరియాకి చెల్లకుండా చేసి, ఏటేటా పొడిగిస్తూ వచ్చారు. మనలో ఎవరికీ అక్కడ చుట్టాలు లేరు కాబట్టి దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు.

ఆడవాళ్ళ జాబితాలో ముఖ్యమైనది భోజనం. శాకాహారం తినేవాళ్ళు జపాను వద్దన్నారు. అందులో నిజం లేకపోలేదు. అక్కడి కూరగాయల పులుసులో కూడా ఎండబెట్టిన చేపపొరలు మరగబెట్టిన నీళ్ళుంటాయి. చేప కనబడదు, ఉంటుంది. అయితే కోయాసాన్ కొండమీది బౌద్ధ మఠాల్లో బస చేస్తే నీచు తగలని భోజనం పెడతారు, దానికి షోజిన్ ర్యోరి అని పేరు. జపాను వద్దన్నవాళ్ళెవరూ తలవని దేశం ఇంకొకటి ఉంది, ఇథియోపియా. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. పెద్ద ఉపవాసాలు కూడా కలుపుకుంటే ఏడాదిలో నూటఎనభై రోజులు దాటతాయి. ఉపవాసమంటే పస్తు కాదు, మాంసం, పాలు, నెయ్యి, గుడ్డు ముట్టరు. అందుచేత ఏ పూటకూళ్ళింట్లో అయినా ఆ రోజుల్లో పప్పులు, కాబేజీ, ఆకుకూర, శనగపిండితో చేసే షిరో దొరుకుతాయి. అన్నానికి బదులు టెఫ్ అనే సన్నగింజ పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి పోసిన పెద్ద అట్టు. మన దోసెకి పెద్దక్కలా ఉంటుంది, ఒకవైపే కాలుస్తారు, కుడిచేత్తో తుంచుకు తినాలి. ఈ ఊళ్ళోనే ఇథియోపియా హోటలు ఉంది, వెళ్ళి చూడండి. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి ఎందరో టీచర్లు అక్కడికి వెళ్ళి పనిచేశారు. మన సభ్యుల్లో ఒకావిడ తండ్రిగారు వారిలో ఒకరు. ఉత్తరాన టిగ్రేలో 2020 నవంబరు నుంచి రెండేళ్ళు ఘోరమైన యుద్ధం జరిగింది. ఆ సంగతీ తెలిసి ఉండడం మంచిది.

ఒక దేశానికి మాత్రం ఎవరూ టిక్కెట్టు కొనలేరు. మా ఈడువాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు వెళ్ళాలనిపించిన మొదటి పరాయి దేశం అమెరికా కాదు, సోవియట్ యూనియను. విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో మాస్కోలో అచ్చైన తెలుగు పుస్తకాలు రూపాయికీ రెండు రూపాయలకీ దొరికేవి. గట్టి అట్ట, మంచి కాగితం, రంగు బొమ్మలు. మంచులో గుర్రపుబండి, సమోవారులో టీ, బిర్చి చెట్లు మాకు వాటిల్లోనే తెలుసు. మనవాళ్ళు మాస్కోలో ఏళ్ళ తరబడి ఉండి అనువాదాలు చేశారు, ఉప్పల లక్ష్మణరావుగారు వారిలో ఒకరు. 'సోవియట్ భూమి' పత్రిక కాగితం నున్నగా ఉండేది, దానితో మా నోటుపుస్తకాలన్నిటికీ అట్టలు వేసుకునేవాళ్ళం. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. రష్యాకి 2022 నుంచీ ఇక్కడివారు వేసిన అంకె నాలుగు. అదే ఫిబ్రవరిలో ఉక్రెయిన్లో వైద్యం చదువుతున్న మన పిల్లలు సరిహద్దుల దాకా నడిచి, పోలండ్, రుమేనియా, హంగరీల నుంచి విమానాలెక్కి ఇళ్ళకు చేరారు. వాళ్ళని అడిగితే బిర్చి చెట్ల సంగతి చెప్పరు.

ఇంతవరకూ సరదాగానే సాగింది. అప్పుడు ఒకావిడ, ఆ రాత్రంతా పెద్దగా మాట్లాడని ఆవిడ, "నేను జోర్డాన్ వెళ్ళను" అన్నారు. వాళ్ళ పిల్లలేమో పెట్రా చూడాలని గొడవ. ఎర్రటి కొండలో తొలిచిన కట్టడాల బొమ్మలు గదినిండా అంటించుకున్నారట. ఈవిడ ససేమిరా అంటున్నారని భర్తకి కూడా వింత. ఆ రోజు చెప్పారు. వాళ్ళ నాన్నగారు కువైట్లో అకౌంటెంటు. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం వచ్చినప్పుడు ఈవిడకి పదేళ్ళు. మూడు వారాలు ఇంట్లో తలుపులేసుకుని ఉండి, తరవాత బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరారు. ఎడారిలో గుడారాలు, మంచినీళ్ళ లారీ వెనక పరుగు, పగలు ఎండ, రాత్రి చలి. అక్కణ్ణించి అమ్మాన్. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిరిండియా విమానాలు ఆగస్టు నడుమ నుంచి అక్టోబరు దాకా లక్షమందికి పైగా మనవాళ్ళని చేరవేశాయి. ఇవన్నీ మనం పత్రికల్లో చదివినవే, సినిమాగానూ చూసినవే. ఆవిడ చెప్పింది అది కాదు. గుడారంలో పక్కనున్న కుటుంబంవాళ్ళ చంటిపిల్ల గురించి చెప్పారు. అది ఇక్కడ రాయడం లేదు. జోర్డాన్‌వాళ్ళు తమని బాగానే చూశారనీ, రొట్టెలు తెచ్చి పెట్టారనీ కూడా ఆవిడే అన్నారు. "ఆ దేశం మంచిదేనండీ. పిల్లల్ని వాళ్ళ నాన్నతో పంపిస్తాను. నేను మాత్రం వెళ్ళను." ఇంక ఎవరూ వెళ్ళమని చెప్పలేదు.

దీనికి సరిగ్గా ఎదురు కథ మా ఇంట్లోనే ఉంది. పిల్లల అమ్మమ్మగారు మాతోనే ఉంటారు. ఆవిడ వెళ్ళాలనే దేశం ఒక్కటే, తరిమేసిన దేశం, బర్మా.

బర్మాతో మన కోస్తావాళ్ళ సంబంధం పాతది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా మన దేశంవాళ్ళే. రేవులోనూ రైసుమిల్లుల్లోనూ పని ఎక్కువగా తెలుగువాళ్ళది. 1930 మేలో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవల్లో చచ్చిపోయినవాళ్ళలోనూ తెలుగువాళ్ళే ఎక్కువ. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలమంది కొండలూ అడవులూ పడి కాలినడకన అస్సాం వైపు, అరకాన్ వైపు వచ్చారు. దారిలో పోయినవాళ్ళకి లెక్క లేదు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు, అమ్మమ్మగారి తండ్రి వారిలో ఒకరు. రైసుమిల్లులో గుమాస్తా. అమ్మమ్మగారు అక్కడే 1956లో పుట్టారు. 1962 మార్చిలో నే విన్ సేనాని రాజ్యం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది, మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఆ ఏళ్ళల్లో సుమారు మూడు లక్షలమంది మనవాళ్ళు ఆ దేశం విడిచి వచ్చారు. రేవులో సోదా చేసి నగలు తీసుకున్నారు. అమ్మమ్మగారి చెవుల కమ్మలు కూడా అక్కడే తీశారట. ఎనిమిదేళ్ళ పిల్లకి చెవులు బోడిగా విశాఖపట్నంలో దిగడం ఇప్పటికీ గుర్తే. కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వచ్చినవాళ్ళ వల్ల వచ్చిన పేరే.

ఇన్ని జరిగినా ఆవిడకి ఆ దేశం మీద కోపం లేదు. రంగూన్ నడిబొడ్డున చాలా వీధులకి పేర్లుండవు, అంకెలుంటాయి. వాళ్ళది ముప్ఫయ్యో వీధి, రెండో అంతస్తు, నిటారుగా కొయ్యమెట్లు. పొద్దున్నే వీధిలో మొహింగా అమ్మే ఆవిడ కేక, బుగ్గలకి తనఖా గంధం, సాయంత్రం ఎండలో ష్వేడగాన్ గోపురం. "చూడాలని కాదు, ఆ మెట్లు ఎక్కాలని" అంటారు.

బర్మాకి 2011 తరవాత కొద్దికొద్దిగా తలుపులు తెరుచుకున్నాయి. 2014లో ఇంట్లో కూర్చుని వీసా తెచ్చుకునే సదుపాయం కూడా వచ్చింది. ఆ ఏళ్ళల్లో మా గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. దేశం దాటితే తిరిగి రావడం ఏమవుతుందో తెలియని రోజులు. కార్డు వచ్చాక 2020 డిసెంబరుకి అనుకున్నాం. ఆ మార్చిలో కరోనా వచ్చి విమానాలు ఆగాయి. అవి మళ్ళీ ఎగిరేలోపల, 2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం ఎన్నికైనవాళ్ళని జైల్లో పెట్టింది. నాటి నుంచీ అంతర్యుద్ధం. ఇక్కడివారు వేసిన అంకె నాలుగు. 2025 మార్చి 28న మాండలే, సగాయింగ్‌ల దగ్గర పెద్ద భూకంపం కూడా వచ్చింది. ఆ రాత్రి అమ్మమ్మగారు టీవీ ముందు నుంచి లేవలేదు. రంగూన్‌కి పెద్దగా ఏమీ కాలేదని రెండుసార్లు చెప్పాం.

ఇది వ్యాసంలో తేల్చే సంగతి కాదు. ఆవిడకి డెబ్బై వచ్చాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి. థాయిలాండు దాకా వెళ్ళి పరిస్థితి చూసి ఒక రోజు రంగూన్ వెళ్ళి రావచ్చుగదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. సాహసం చేసే వయసులో ఉన్న ఒంటరివాళ్ళకి అది కుదురుతుందేమో. ఇద్దరు పిల్లలనీ ఒక పెద్దావిడనీ పెట్టుకుని మేము ఆ పని చెయ్యం. ఆవిడతో ఆ మాట చెప్పాం. "మిమ్మల్ని రమ్మన్నానా? నన్ను పంపండి" అన్నారు. ఆ చర్చ ఇంకా తెమల్లేదు.

ఈలోగా వేరే దారి ఒకటి దొరికింది. రంగూన్‌లో పిల్లలు తనని 'కొరింగీ' అని ఏడిపించేవారని ఆవిడ చెబుతూ ఉండేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళకి పడిన పేరు అది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవుని ఊడ్చేసింది, పేరు మాత్రం సముద్రాలు దాటి నిలిచింది. మారిషస్‌లో తెలుగువాళ్ళకి కూడా అదే పేరని మొన్న పుస్తకంలో చదివి వినిపిస్తే ఆవిడ ఆశ్చర్యపోయారు. బర్మాలో తిట్టు, మారిషస్‌లో ఇంటిపేరంత మామూలు మాట. 1834 నుంచి తొంభై ఏళ్ళలో మన దేశం నుంచి నాలుగున్నర లక్షలమంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. వాళ్ళు ఎక్కి వచ్చిన పదహారు రాతిమెట్లను అలాగే ఉంచారు. ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, మనకి ఇక్కడ శనివారం దాకా ఆగాల్సి వస్తోందిగాని. బళ్ళల్లో తెలుగు నేర్పుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అన్నిటికంటే ముఖ్యం, గద్ద బొమ్మకీ సింహాల బొమ్మకీ కూడా యాత్రకి ముందుగా వీసా తెచ్చుకోనక్కర లేదు. అయిదుగురం ఒకే వరసలో నిలబడవచ్చు.

ఆగస్టుకి టిక్కెట్లు కొన్నాం. ఈసారి ఇండియా మానుకుంటున్నామని తెనాలికి ఫోన్ చేసి చెబితే కాస్త నిష్ఠూరం వచ్చింది, అది సర్దుకుంటుంది. పదహారు మెట్లేగా, మోకాళ్ళకి ఫరవాలేదంటున్నారు అమ్మమ్మగారు. మారిషస్ తెలుగు కుటుంబాలతో పరిచయం ఉన్న సభ్యులెవరైనా ఉంటే దయచేసి మాకు చెప్పగలరు. అమ్మమ్మగారికి ఫ్రెంచి రాదు, క్రియోల్ రాదు. తన ఈడుది, తెలుగు మాట్లాడే ఆవిడ ఒక్కరు దొరికితే ఒక పూట కూర్చుని మాట్లాడతానంటున్నారు.